పూజలో ఉన్న పానా

అష్టమి నాటి మధ్యాహ్నం షావలి షెడ్డు ముందు గోనెపట్టా పరుచుకుని, రేకు బొచ్చెలో డీజిలు పోసుకుని, పనిముట్లు ఒక్కొక్కటే కడుగుతున్నాడు. పాత బనియను ముక్కతో పానాల నోళ్ళు తుడిచి, ఎండకెత్తి చూసి, నచ్చక మళ్ళీ తుడుస్తున్నాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న ప్రమీలమ్మకు నవ్వు వచ్చింది. ఏడాది పొడుగునా గ్రీజూ బురదా పట్టి ఏది ఏదో తెలియకుండా పడివుండే సామాను ఈ ఒక్కరోజు మాత్రం పెళ్ళికొడుకుల్లా తయారవుతుంది.

చిట్టమూరు దాటి పులికాట్ వైపు పోయే రోడ్డు పక్కన వాళ్ళ ఇల్లు. ఇంటిని ఆనుకునే రేకుల షెడ్డు. ప్రమీలమ్మ భర్త నరేంద్రబాబు ఆ షెడ్డును షావలికి ఇచ్చాడు. ట్రాక్టర్లు, పాత జీపులు, వరికోత మిషన్లు, ఆ చుట్టుపక్కల బురదలో తిరిగే బండి ఏదైనా చివరికి షావలి దగ్గరికే వస్తుంది. షావలి ముసల్మాను. అయినా ప్రతి మహర్నవమికీ తన పనిముట్లలో కొన్నిటిని చేటలో పెట్టి ప్రమీలమ్మకు ఇస్తాడు. ఆమె వాటిని తమ కొడవళ్ళ పక్కన, పార పక్కన, కత్తిపీట పక్కన వరసగా పెట్టి పసుపు కుంకుమలతో పూజ చేస్తుంది. దశమి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చి ఎవరివి వాళ్ళకు అప్పజెపుతుంది. ఆ మధ్యలో వాటిని ఎవరూ కదిలించరు. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

ఆమె పసుపునీళ్ళ చెంబుతో బయటికి వచ్చేసరికి షావలి చేట సర్దుతున్నాడు. రెండు చిన్న పానాలు, కటింగు ప్లయరు, చిన్న సుత్తి. వాటిమీద అడ్డంగా, మోచేతి పొడవున్న లావుపాటి గొట్టం ఒకటి పెట్టాడు. దాని ఒక కొస గుండ్రంగా కాక ఎనిమిది పలకలుగా ఉంది. ఇంకో కొసన కమ్మీ దూర్చి తిప్పడానికి రెండు బెజ్జాలు.

"ఇదేంది, హబ్బు పానా గూడా ఇస్తా ఉండావే?" అంది ప్రమీలమ్మ.

ఆ పానా సంగతి ఆమెకు తెలుసు. ఫోర్‌వీల్ జీపుల ముందు చక్రాల్లో, హబ్బు లోపల ఎక్కడో లోతున, పలచటి పెద్ద నట్లు రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మామూలు పానా అంత లోపలికి పోదు. అందుకని షావలి నాయుడుపేట లేతు షాపులో దగ్గర కూర్చుని మరీ ఆ గొట్టాన్ని చేయించుకున్నాడు. తెచ్చిన రోజున ఇంటింటికీ చూపించినట్టు ఆమెకూ చూపించాడు.

"రేపు షెడ్డు తెరిచేదే లేదు గదక్కా," అన్నాడు షావలి. "అమ్మోరి ముందర పెట్టేది మంచిదే పెట్టాల. వంకరపోయిన స్క్రూడ్రైవరు పెడితే ఆమె మాత్రం ఏమనుకుంటాది?"

"ఏమీ అనుకోదులే. ఆమెకి అందరూ ఒకటే."

"ఆమెకి ఒకటే. నాకు గాదు గదా."

ప్రమీలమ్మ చేట అందుకుంది. బరువుకు చేతులు కొంచెం కిందికి వంగాయి.

ఈ ఏడు ఆమె నవరాత్రులు మామూలుగా చేయడం లేదు. పోయిన ఏడు వరి గట్టున నరేంద్రబాబును పాము కరిచింది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఆమె ఒక్కటే మొక్కుకుంది. మనిషి ఇంటికి వస్తే, వచ్చే నవరాత్రులు ఒంటిపూట ఉండి, ఎక్కడా లోటు రాకుండా చేస్తానని. మనిషి వచ్చాడు. కుంటుతూనే వచ్చినా వచ్చాడు. అందుకే ఈసారి పూలు వాడకముందే మారుస్తోంది. దీపంలో నూనె తగ్గకముందే పోస్తోంది. పీట మీద పెట్టింది పెట్టినట్టు ఉండాలని ఇంట్లో గాలిని కూడా గదిమేలా ఉంది.

సాయంత్రం మస్తానమ్మ వచ్చింది. పులికాట్ ఒడ్డున పల్లపు నేల కౌలుకు చేస్తున్న మనిషి. మొగుడు లేడు. పైరు వేయడం దగ్గర్నుంచి కోతదాకా తానే. కాళ్ళకు మోకాళ్ళదాకా ఎండిన బురద.

"కోత అయిపోయింది వదినా. చైను మిషను వచ్చి కోసి పోయినాది. వడ్లు గోతాలకెత్తి దిబ్బ మీద పెట్టినా. టీవీలో వాయుగుండం అంటా ఉండారు. ట్రాక్టరోళ్ళు ఆ అడుసులోకి రామంటే రామంటా ఉండారు. అన్న జీపు వస్తేనే బయటపడేది," అంది అరుగు మీద కూలబడుతూ.

"వస్తాలే మస్తానమ్మా," అన్నాడు నరేంద్రబాబు లోపల్నుంచి. "పొద్దున్నే జీపుకి పూజ కాగానే ట్రాలీ తగిలించుకుని వచ్చేస్తా. ఏడుపు ముఖం పెట్టబాక."

"ఏడుపు గాదన్నా ఇది. బురద కింద నా ముఖం ఇట్టనే ఉంటాది."

ప్రమీలమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చింది. మస్తానమ్మ తాగుతూ తూర్పు ఆకాశాన్నే చూస్తోంది. అక్కడ మబ్బు ఇంకా పలచగానే ఉంది.

*

నవమి పొద్దున జీపుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి పంపింది. తర్వాత లోపలికి వచ్చి పూజకు కూర్చుంది. పీట మీద కొడవళ్ళు, పార, కత్తిపీట, షావలి సామాను. హబ్బు పానాకు కుంకుమ పెట్టేటప్పుడు దాని నున్నటి ఒంటి మీద వేలు జారింది. బొట్టు కొంచెం కిందికి సాగింది. తుడిచి మళ్ళీ పెట్టింది.

నైవేద్యం అయ్యాక కళ్ళు మూసుకుని నామాలు చదువుకుంటూ ఉండగా జీపు తిరిగి వచ్చిన చప్పుడు వినిపించింది. మొదటి ట్రిప్పు గోతాలు వచ్చాయన్నమాట. మనసులోనే దండం పెట్టుకుంది. కానీ ఇంజను ఆగిన తర్వాత గోతాలు దించే చప్పుడు రాలేదు. మగవాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు ఆమె దాకా రాలేదు. జాకీ ఎత్తుతున్న కిర్రుమనే మోత వచ్చింది. ఆ తర్వాత కాసేపటికి ఇంకో చప్పుడు మొదలైంది.

ఠంగ్. ఆగి, మళ్ళీ ఠంగ్.

ఆమె నామం మధ్యలో తడబడింది. ఉలి మీద సుత్తి పడుతున్న చప్పుడు అది. ఆ షెడ్డు పక్కన కాపురం చేస్తూ ఇన్నేళ్ళుగా వింటున్న చప్పుళ్ళలో ఏది దేనిదో ఆమెకు చూడకుండానే తెలుస్తుంది. ఆ హబ్బు పానా చేయించుకున్నాక షావలి జీపు చక్రం విప్పేటప్పుడు సుత్తి మోత ఎప్పుడూ వినలేదు.

పులిహోర, చలిమిడి ఆకులో పెట్టుకుని బయటికి వచ్చింది. జీపు ముందు ఎడమ చక్రం ఊడదీసి పక్కన పెట్టివుంది. కాలిన గ్రీజు కమురువాసన. షావలి నేల మీద కూర్చుని, హబ్బు నోట్లో ఉలి ఆనించి కొడుతున్నాడు. ఆమె నీడ పడగానే ఉలి వెనక్కి తీసుకుని తొడకింద పెట్టుకున్నాడు. అమ్మ చూస్తుండగా మామిడికాయ దాచుకున్న పిల్లాడిలా ఉంది ఆ పని.

"ఏమైంది షావలీ?"

"ఏం లేదక్కా. లోపలికి ఉప్పుబురద పోయి బేరింగు కాలినాది. చక్రం ఊగతా ఉంటే అన్న ఒడుపుగా తోలుకొచ్చినాడు. పర్లేదు, అయిపోతాది."

"గోతాలు?"

నరేంద్రబాబు ట్రాలీ వైపు చెయ్యి చూపించాడు. అందులో ఉన్నవి కొన్నే. "మిగతాయి దిబ్బ మీదే ఉండాయి. మస్తానమ్మ కాపలా కూర్చోనుంది. నువ్వు లోపలికి పో ప్రమీలా. దీపం ఒంటరిగా ఉంది. ఇది మా పని."

తూర్పున మబ్బు నల్లబడింది. గాలిలో ఉప్పువాసన ఎక్కువైంది. ప్రమీలమ్మ ఆకును జీపు బానెట్టు మీద పెట్టి, వంగి హబ్బు లోపలికి చూసింది. లోతున ఉన్న నట్టు అంచు మీద ఉలి దిగిన చోట కొత్తగా చిట్లిన ఇనుము తెల్లగా మెరుస్తోంది.

ఆమె లోపలికి వచ్చింది. పీట ముందు కూర్చుంది. పానా కళ్ళెదురుగానే ఉంది. బయట మళ్ళీ ఠంగ్.

అడగలేదే, అనుకుంది. ఇద్దరిలో ఒక్కరూ అడగలేదే.

అడిగితే తను ఏమనేదో ఆమెకూ తెలియదు. కాదనేదేమో. కాదంటుందనే కదా వాళ్ళు అడగనిది! మంచంలో ఉన్న మనిషికి చావుకబురు చెప్పకుండా దాచినట్టు, పని ఆగిపోయిన సంగతి తన దగ్గర దాచారు. తన భక్తి వాళ్ళకు జబ్బులా కనిపించిందా? ఆ మాట మనసులోకి రాగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో దుఃఖమో ఆమెకే అర్థం కాలేదు.

పొద్దున జీపుకు తానే బొట్టు పెట్టి తానే తోలమంది. బండికి పూజ చేశాక కదిలితే తప్పులేదు. పానా కదిలితే తప్పు. ఈ తేడా ఎవరు పెట్టారు? కత్తిపీట పీట మీద ఉంది కాబట్టి పొద్దున కూరగాయలు చాకుతో తరిగింది. అదీ బాగానే ఉంది. కానీ షావలికి పానా బదులు దొరికింది ఉలి. దాంతో ఆ నట్టు ఊడుతుందేమో గానీ మళ్ళీ బిగించేటప్పుడు ఎంత బిగించాలో చేతికి తెలియదని అతనే ఒకసారి చెప్పాడు. కొంచెం ఎక్కువ బిగిస్తే బేరింగు మళ్ళీ కాలుతుంది. తక్కువైతే చక్రం ఊగుతుంది. దెబ్బ జారి లోపలి మర పాడైతే జీపు ఇక దసరా దాటినా కదలదు. అక్కడ దిబ్బ మీద మస్తానమ్మ ఏడాది తిండి, గోతాల్లో, వానమబ్బు కింద.

"అమ్మా," అంది పైకే. "ఏం చెయ్యమంటావు?"

అమ్మవారు ఏమీ చెప్పలేదు. పటం మీది పువ్వు రాలలేదు. దీపం ఊగలేదు. వెలుగు ఎలా ఉన్నది అలాగే ఉంది. ప్రమీలమ్మ కాసేపు చూసింది. మొక్కు గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండా, భర్త ఉబ్బిన కాలు, ఎక్కడా లోటు రానివ్వనని తను అన్న మాట. ఆ మనిషే ఇప్పుడు బయట జీపు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంకొకరి వడ్ల కోసం.

బయట దెబ్బ పక్కకు జారిన చప్పుడు. ఆ వెంటనే షావలి "యా అల్లా" అనడం.

ఆమె లేచింది. రెండు చేతులా పానా ఎత్తింది. కింద పీట మీద పసుపులో దాని ఆకారం మిగిలింది. పమిటచెంగులో చుట్టుకుని గబగబా బయటికి నడిచింది.

"ఇదో. పట్టుకో."

షావలి లేచి నిలబడ్డాడు. బొటనవేలి మీద చర్మం లేచి నెత్తురు చిమ్మింది. అతను పానా వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దక్కా. లోపల పెట్టెయ్యండి. నేనెట్టనో తిప్పలు పడతా."

"పట్టుకో అంటా ఉండా గదా."

"మీ మొక్కు తెలుసక్కా నాకు. అన్న చెప్పినాడు. నా వల్ల తెగిందంటే నేను తట్టుకోలేను."

"తెగేది నా పూజ. తెంచేది నేను. మధ్యలో నీకేందయ్యా?"

"ప్రమీలా," అన్నాడు నరేంద్రబాబు.

"మీరు మాట్లాడబాకండి. నన్నొక మాట అడిగుంటే ఏం పోయింది? నేనేమన్నా రాయినా?"

నరేంద్రబాబు మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "రాయివి గాదనే అడగలా. ఈ తొమ్మిదినాళ్ళు నువ్వు నాకోసం కడుపు మాడ్చుకుంటా ఉంటే, మళ్ళీ నేనే వచ్చి పీట మీద సామాను తియ్యమని ఎట్ట అడిగేది? నా నోరు రాలా."

షావలి తలవంచుకుని అన్నాడు.

"మా అమ్మ నమాజు చేసుకుంటా ఉంటే ఆమె ముందర నించి మేం నడవమక్కా. పనున్నా ఆగతాం. అట్టనే అనుకున్నా ఇది గూడా."

"సరే. మీ అమ్మ నమాజులో ఉంది. పసిబిడ్డ పాక్కుంటా బావి కాడికి పోతా ఉండాడు. అప్పుడేం చేస్తాది?"

షావలి తలెత్తాడు. "నమాజు ఆపి పోయి బిడ్డను ఎత్తుకుంటాది. ఆపాల్సిందే. మా వాళ్ళలో అట్టనే చెప్తారు."

"మరి?"

షావలి కొళాయి దగ్గరికి పోయి సబ్బు పెట్టి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో మట్టి కూడా గీక్కున్నాడు. చొక్కాకు తుడుచుకోకుండా గాలికి ఆరనిచ్చి, రెండు చేతులూ చాపి పానా తీసుకున్నాడు. కుంకుమ బొట్టు చెరగకుండా ఉన్న వైపు పైకి పెట్టుకున్నాడు.

ముందు చిన్న ఆకురాయితో నట్టు అంచు మీద ఉలి లేపిన ముల్లులాంటి ఇనుమును అరగదీశాడు. ఊది, గుడ్డతో తుడిచి, పానా నోరు లోపలికి పంపాడు. అది వెళ్ళి నట్టు మీద కూర్చున్నప్పుడు చిన్న చప్పుడైంది. మూత సరిగ్గా పడినట్టు. కమ్మీ దూర్చి, కాలు తన్నిపెట్టి, ఊపిరి బిగించి తిప్పాడు. మొదట కదల్లేదు. రెండోసారి మూలుగు లాంటిది వినిపించి, నట్టు మెల్లగా వదులైంది.

"వచ్చింది," అన్నాడు నరేంద్రబాబు, తనే తిప్పినట్టు రొప్పుతూ.

లోపలి నట్టూ వచ్చింది. బేరింగు బయటికి తీస్తే దాని రోలర్లు నీలం తిరిగి ఉన్నాయి. వాటి మధ్య గ్రీజు బదులు బూడిదరంగు బురద. షావలి దాన్ని ఆమెకు చూపించాడు. "చూడక్కా. ఉప్పునీళ్ళు తాగినాది పాపం. ఇంకో ట్రిప్పు పోయుంటే చక్రమే ఊడి పడేది. దోవలో ట్రాలీతో సహా తిరగబడేది అన్న."

ప్రమీలమ్మ చప్పున భర్త వైపు చూసింది. అతను చూపు తిప్పుకుని జాకీ సరిచేస్తున్నట్టు వంగాడు.

షావలి దగ్గర వేరే బేరింగు ఉంది. డీజిలుతో హబ్బు లోపలంతా కడిగి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికి వత్తుతూ, రోలర్ల సందుల్లోంచి గ్రీజు పైకి ఉబికి వచ్చేదాకా నింపాడు. చలిమిడి వత్తినట్టే ఉంది. ప్రమీలమ్మ అక్కడే నిలబడి చూసింది. దీపం గుర్తొచ్చినా కదల్లేదు. బిగించేటప్పుడు అతను ఒక చేత్తో హబ్బును తిప్పుతూ, ఇంకో చేత్తో పానాను కొంచెం కొంచెంగా బిగించాడు. హబ్బు బరువెక్కి ఆగింది. పానాను పిసరంత వెనక్కి వదిలాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి హబ్బు తేలిగ్గా, ఊగకుండా, చప్పుడు లేకుండా తిరిగి తనంతట తానే నిలిచింది.

"ఇంతే," అన్నాడు షావలి. "ఇది ఉలికి తెలీదక్కా."

జీపు వెళ్ళిపోయాక ప్రమీలమ్మ మంచం ఈడ్చి అరుగు మీద వేసింది. బట్టల బుట్టలు, పీటలు అటకెక్కించింది. నడిమింట్లో పూజపీట ఒక్కటే మిగిలేలా ఖాళీ చేసింది. దిబ్బ మీది వడ్లు ఎక్కడ పెట్టాలన్న మాట ఎవరూ ఆమెను అడగలేదు. ఈసారి ఎవరైనా అడిగేదాకా ఆమె ఆగదలచుకోలేదు. షావలి కూడా జీపెక్కి వెళ్ళాడు, గోతాలు ఎత్తడానికి. మొదటి చినుకులు పడేవేళకు ఒక ట్రిప్పు వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఇంకొకటి. చివరి గోతాలు తడిసే వచ్చాయి. వాటి మీద తన కొంగు కప్పుకుని మస్తానమ్మ ట్రాలీలోనే కూర్చుని వచ్చింది. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. దిగగానే గోతాలకేసి చూసి, తర్వాత జీపు చక్రాన్ని తట్టింది, ఎద్దును తట్టినట్టు.

*

దశమి తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. వాన రేకుల మీద ఏకధారగా పడుతోంది. నడిమిల్లంతా వడ్లు. తడిసిన గోతాలు విప్పి రాత్రే పలచగా పరిచారు. పీట చుట్టూ కూడా వడ్లే. మస్తానమ్మ తెల్లవారుజామునే లేచి, చేతివేళ్ళతో వడ్లు కెలుకుతూ, ఒక్కో గింజ పంటికింద పెట్టి కొరికి చూస్తోంది.

"మొలకెత్తలా వదినా. బతికిపోయినాయి."

"నువ్వు నిద్రపొయ్యావా లేదా?"

"వడ్ల వాసన ముక్కుకి తగలతా ఉంటే పట్టిందిలే. ఇంట్లో ఇంత మెత్తటి పడక లేదు నాకు."

ప్రమీలమ్మ స్నానం చేసి వచ్చి పీట ముందుకు చేరేసరికి కష్టమైంది. వడ్లు తొక్కకూడదు. గోడవారగా మునివేళ్ళ మీద నడిచి, పీట పక్కకు చేరి, నిలబడే పునఃపూజ మొదలుపెట్టింది. ముడుచుకుని కూర్చునే చోటు లేదు. నియమం ప్రకారం చూస్తే ఇది పూజే కాదేమో. మొక్కు తీరిందో లేదో కూడా చెప్పేవాళ్ళు లేరు. అయినా చేతిలో గంట మోగుతుంటే ఆమెకు ఏ వెలితీ తోచలేదు. భర్త ఇంట్లో ఉన్నాడు. చక్రం దారిలో ఊడలేదు. పక్కనే ఒక ఆడమనిషి తన కష్టాన్ని చేత్తో తడుముకుంటోంది. ఇంకేమడగాలో తెలియక ఊరికే దండం పెట్టింది. అడగడానికి ఏమీ లేకుండా దండం పెట్టడం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు కొత్తగా తెలిసింది.

హారతి వెలిగించేవేళకు షావలి గుమ్మం ముందుకు వచ్చాడు. తల మీద యూరియా సంచి కప్పుకున్నాడు. చేతిలో పానా. కిరసనాయిలుతో కడిగి తుడిచి తెచ్చాడు.

"అక్కా, దీన్ని ఏం చేసేది? మళ్ళీ పీట మీద పెట్టచ్చా, లేదంటే పని చేసినాది గాబట్టి పనికిరాదా?"

"పని చేసినందుకేనయ్యా పూజ," అంది ప్రమీలమ్మ. అనేశాక తన మాట తనకే వింతగా వినిపించింది.

మస్తానమ్మ పకపక నవ్వింది. "అట్టయితే నాక్కూడా రెండు పూలు పెట్టు వదినా. పీట మీద కూర్చుంటా."

"నువ్వు కూర్చుంటే పీట విరుగుతాది మే," అన్నాడు నరేంద్రబాబు అరుగు మీది నుంచి.

మస్తానమ్మ చేతుల మీదుగా పానా పీట మీదికి చేరింది. హారతి అయింది. ప్రమీలమ్మ కొడవళ్ళకు, పారకు బొట్లు సరిచేస్తూ, షావలి వైపు చూడకుండా అంది.

"వచ్చే ఏడు నీ చేట నేను తీసుకోను షావలీ."

షావలి ముఖం మారిపోయింది. "తప్పయిపోయిందాక్కా? నిన్న నేను మొండిగా ఉండాల్సింది. తీసుకోకుండా ఉండాల్సింది."

"తప్పేం లేదు. నీ పనిముట్లు నా ఇంటికి రావాల్సిన పనేముంది? పీట ఎత్తుకుని నేనే షెడ్డుకి వస్తా. అమ్మవారు అక్కడికే వస్తాది. ఏదన్నా బండి వచ్చి నిలబడితే, నువ్వు చేతులు కడుక్కుని తీసుకుంటావు. పనయినాక మళ్ళీ పెడతావు. ఎవరూ ఎవరినీ అడగబన్లేదు."

షావలి వానలోంచి షెడ్డు వైపు చూశాడు. నల్లటి నేల, ఇంజను ఆయిలు మడుగులు, మూలన గుట్టగా పాత టైర్లు.

"అక్కా, ఆడ మీరు కాలు పెట్టే చోటు లేదే. ఎలకలు గూడా ఉండాయి. ప్రసాదం మిగలనీవు."

"ఊడ్చిపెట్టు. ఏడాది టైముంది."

"ఆ షెడ్డుకి ఏడాది చాలదొదినా," అంది మస్తానమ్మ.

నరేంద్రబాబు గట్టిగా నవ్వాడు. షావలికీ నవ్వు వచ్చింది. సంచి కొసతో మొహం తుడుచుకున్నాడు. అది వాననీళ్ళకేనా అని ప్రమీలమ్మ పరీక్షగా చూడలేదు.

ఆకులో పులిహోర, కొబ్బరిచెక్క పెట్టి ఇవ్వబోతూ ఆగింది. ఇన్నేళ్ళలో ప్రసాదం అతనికి ఎక్కడ ఇచ్చింది? షెడ్డు దగ్గర, అరుగు మీద, కిటికీలోంచి. ఈ గదిలోకి అతను ఎప్పుడూ రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"లోపలికి రా షావలీ. వచ్చి తీసుకో."

అతను గుమ్మంలోనే నిలబడి కిందికి చూశాడు. "వడ్లున్నాయక్కా. ఎట్ట తొక్కేది?"

మస్తానమ్మ మోకాళ్ళ మీదికి లేచింది. రెండు చేతులూ ఆనించి వడ్లను అటూ ఇటూ నెట్టుకుంటూ, గుమ్మం దగ్గర్నుంచి పీట దాకా, ఒక మనిషి పట్టేంత దారి తీసింది. అక్కడక్కడా మిగిలిన గింజలను కూడా అరచేత్తో ఊడ్చి పక్కకు చేర్చింది.

షావలి చెప్పులు విడిచాడు. తడి సంచి బయట గోడకు తగిలించాడు. పొలంగట్టు మీద నడిచినట్టు, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టుకుంటూ, లోపలికి వచ్చాడు.